ఆబ్‌జో, మాఉష్షయీర్: ఒకే మానా ఉన్న రెండు వేర్వేరు లఫ్జులు

మా మామూ దమ్మాంలో పని చేసేవారు. రెండేళ్ళకోసారి సెలవు మీద నల్లగొండ వచ్చేవారు. 1990ల మొదట్లో, నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, ఆయన సూట్‌కేసులోంచి ఖర్జూరాలు, అత్తరు, జానిమాజ్‌లతో పాటు నాలుగు గాజు సీసాలు బయటికొచ్చాయి. లోపల తేనె రంగు నీళ్ళు. పైన సోడా సీసాకి ఉన్నట్టే రేకు మూత. మీద అరబీలో ఏదో రాసి ఉంది.

నాది ఉర్దూ మీడియం. అలిఫ్ బే వచ్చినవాడికి అరబీ అక్షరాలు చదవడం ఏం కష్టం? ఇంటిల్లిపాదీ వింటుండగా గట్టిగా చదివాను: "షరాబ్..." రెండో మాట దగ్గర తడబడ్డాను. 'షాయిర్' అనుకున్నాను. షరాబూ షాయిరూ పక్కపక్కనే ఉండటం నాకేమీ వింతగా అనిపించలేదు. ముషాయిరా కేసెట్లు విని పెరిగినవాణ్ణి కదా!

నానీ చేతిలో తస్బీహ్ ఆగిపోయింది. "షరాబ్ లాకే ఘర్ మే రఖ్యా క్యా రే?" అంది మామూతో. అది షర్బత్ అమ్మా, జౌతో చేస్తారు, నషా ఉండదు, అక్కడ అందరూ తాగుతారని మామూ ఎంత చెప్పినా వినలేదు. "మేరా నవాసా పఢ్యా నా!" అన్నదొక్కటే ఆమె జవాబు. నా చదువే గవాహీ అయింది. మామూ మాట్లాడకుండా నాలుగు సీసాలూ మోరీలో వంపేశారు. మిగిలిన సెలవంతా నానీ ఆయన దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోలేదు. ఆయన అలాగే వెళ్ళిపోయారు.

ఆ వానాకాలం నానీకి జ్వరం పట్టుకుంది. మా మొహల్లా హకీమ్ సాహెబ్ నబ్జ్ చూసి నుస్ఖా రాసిచ్చారు. అందులో మొదటి మాట చదవబోయి మళ్ళీ ఆగిపోయాను. సీసా మీద ఉన్న అదే లఫ్జు! 'మాఉష్షయీర్' అని రాసి ఉంది. "షాయిర్ కాదు బేటా, షయీర్. అరబీలో జౌ గింజలు. మా అంటే నీళ్ళు. బార్లీ నీళ్ళు కాచి ఇవ్వండి" అన్నారు హకీమ్ సాహెబ్. నేను భయంభయంగా ఆ సీసాల సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. "అరబీలో షరాబ్ అంటే తాగేది ఏదైనా. మన షర్బత్ కూడా ఆ ఇంటి పిల్లే" అన్నారు.

నిజమే. షీన్, రే, బే, ఈ మూడక్షరాల ధాతువుకి తాగడం అని అర్థం. కురాన్‌లో సూరె నహల్ తేనెటీగల కడుపులోంచి వచ్చే తేనెని షరాబ్ అనే అంటుంది, అందులో షిఫా ఉందని చెబుతుంది. జన్నత్‌లో ఇచ్చే పవిత్రమైన పానీయానికీ ఇదే లఫ్జు. ఫార్సీలోకి, అక్కడి నుంచి ఉర్దూలోకి వచ్చాక ఆ లఫ్జు ఇరుకైపోయి, ఒక్క మత్తు పానీయానికే మిగిలింది. నేను అరబీ సీసాని ఉర్దూలో చదివాను. ఆ ఒక్క గల్తీకి మామూ ఇజ్జత్ పోయింది.

ఆ విషయం విని నానీ ఏం చేసిందో చివర్లో చెబుతాను. ముందు, పదేళ్ళ తర్వాత నాకూ అలాంటిదే ఒకటి తగిలింది, అది వినండి.

అప్పటికి హైదరాబాద్‌లో రిపోర్టర్‌గా చేరాను. ఒక ఎండాకాలం ఇరానీ హోటల్‌లో చాయ్ తాగుతుంటే, ఇక్కడ చదువుకోవడానికి వచ్చిన ఇరాన్ కుర్రాడొకడు పరిచయమయ్యాడు. స్కూల్లో నేర్చుకున్న నాలుగు ఫార్సీ ముక్కలు వాడి ముందు పెట్టాలని నా ఆరాటం. ఈ ఎండలకి మా ఇంట్లో రోజూ ఆబ్-ఎ-జౌ తాగుతాం, అమ్మీ స్వయంగా కాస్తుంది అన్నాను. ఆబ్ అంటే నీళ్ళు, జౌ అంటే బార్లీ. తప్పేముంది? వాడు నన్నూ నా టోపీనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. ఇరాన్‌లో 'ఆబ్‌జో' అంటే బీరు! బార్లీ నీళ్ళని చెప్పాలంటే 'మాఉష్షయీర్' అనాలట, వాళ్ళ పలుకులో 'మాఓష్షయీర్'.

ఇంటికొచ్చాక నవ్వుకున్నాను, తర్వాత ఆలోచనలో పడ్డాను. ఆబ్‌జో అన్నా బార్లీ నీళ్ళే, మాఉష్షయీర్ అన్నా బార్లీ నీళ్ళే. ఒకటి ఫార్సీ, ఒకటి అరబీ. లుగత్‌లో మానా ఒకటే. కానీ ఒకటి హరామ్ సీసా మీద, ఇంకొకటి హలాల్ సీసా మీద కూర్చుంది. ఇది ఎలా జరిగింది?

బార్లీకి రెండు దారులున్నాయి. గింజల్ని నీళ్ళలో చాలాసేపు ఉడికించి వడకడితే వచ్చేది ఆరోగ్యానికి తాగే నీళ్ళు. అవే గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్ అవుతుంది. మొలకలో గింజలోని పిండి చక్కెరగా మారే గుణం వస్తుంది. ఆ తీపి నీళ్ళలో ఖమీర్ పడితే, చక్కెర ఆల్కహాల్ అవుతుంది. అదే బీరు. మన ఇళ్ళలో నాన్‌కీ షీర్మాల్‌కీ వేసే ఖమీర్, కురాన్ మనా చేసిన ఖమ్ర్, తల మీద కప్పుకునే ఖిమార్, మూడూ ఖే, మీమ్, రే అనే ఒకే ధాతువు నుంచి వచ్చినవి. కప్పేది అని దాని భావం. హజ్రత్ ఉమర్ (ర) మింబర్ మీద నిలబడి, ఖమ్ర్ ద్రాక్ష, ఖర్జూరం, తేనె, గోధుమ, బార్లీ ఐదింటితోనూ తయారవుతుందనీ, అక్ల్‌ని కప్పేసేదే ఖమ్ర్ అనీ చెప్పిన మాట బుఖారీ షరీఫ్‌లో ఉంది.

ఇరాన్ గడ్డ మీద ఈ రెండో దారి చాలా పాతది. పశ్చిమ ఇరాన్‌లోని గోదిన్ తెపె అనే చోట తవ్వకాల్లో దొరికిన ఒక కుండ లోపలి గీతల్లో, బార్లీ బీరు నిలవ ఉంటే పేరుకునే పదార్థం కనిపించింది. ఆ కుండ వయసు 5000 ఏళ్ళకి పైమాటే.

మొదటి దారికి వేరే తారీఖ్ ఉంది. యూనాన్ తబీబుల్లో పెద్దవాడైన బుఖ్రాత్, అంటే హిపోక్రటిస్, తీవ్రమైన జ్వరాల్లో రోగికి బార్లీ గంజి ఎప్పుడివ్వాలి, ఎంత పలచగా ఇవ్వాలి అని వివరంగా చర్చించాడు. గ్రీకులో దాని పేరు 'ప్తిసానె'. 9వ శతాబ్దంలో బగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇస్హాక్, ఆయన శిష్యులు యూనానీ తిబ్‌ని అరబీలోకి తెచ్చారు. ఆ తిబ్బీ అరబీలో బార్లీ గంజికి స్థిరపడిన పేరే మాఉష్షయీర్. ఇబ్న్ సీనా 'అల్ ఖానూన్'లో ఇది మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. మిజాజ్ చల్లన, గుణం తడి, వేడి జ్వరాలకి విరుగుడు. చార్మినార్ పక్కన నిజామియా దవాఖానా నడుపుతున్నదీ, మా నల్లగొండ హకీమ్ సాహెబ్ రాసిచ్చిందీ ఆ సిల్సిలాలోని తిబ్బే. అంటే మా నానీ తాగిన గిన్నె వెనక గ్రీస్, బగ్దాద్, బుఖారా, ఇన్ని ఊర్లున్నాయి!

ఇక మత్తు వైపు పేర్లు చూద్దాం. హుజూర్ (స) హజ్రత్ అబూ మూసా అష్అరీ (ర)ని యమన్ పంపుతున్నప్పుడు, అక్కడివాళ్ళు చేసుకునే పానీయాల గురించి ఆయన అడిగారు. బిత్అ్ తేనెతో చేసేది, మిజ్ర్ బార్లీతో చేసేది. హుజూర్ (స) ఆ పేర్ల పట్టికలోకే వెళ్ళలేదు. నషా ఇచ్చే ప్రతిదీ హరామ్ అని ఒక్క ఉసూల్ చెప్పారు. అదే సమయంలో ఖర్జూరాలు నీళ్ళలో నానేసిన నబీజ్ ఆయన తాగేవారు, రోజులు గడిస్తే మాత్రం పారబోయించేవారు. పేరు నబీజే. మొదటి రోజుదీ నాలుగో రోజుదీ ఒకటి కాదు.

తర్వాత కూఫా ఫుఖహాలో నబీజ్ మీద పెద్ద బహస్ నడిచింది. ఖమ్ర్ అనే లఫ్జు ద్రాక్షకే వర్తిస్తుందా, మిగతావాటికీ వర్తిస్తుందా అని. మన హనఫీ మజ్హబ్‌లో చివరికి ఇమామ్ ముహమ్మద్ రాయ్ మీదే ఫత్వా నిలిచింది. ఎక్కువైతే నషా ఇచ్చేది కొంచెమైనా హరామే. ఆ బహస్ కూడా లఫ్జుతో మొదలై అసర్ దగ్గర ఆగింది.

ఈజిప్టులో బార్లీతో చేసే నురగ పానీయం ఇంకోటుండేది, ఫుఖ్ఖాఅ్ అనేవారు. బుడగల్ని బట్టి వచ్చిన పేరు. ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ 11వ శతాబ్దం మొదట్లో కైరోలో దాన్ని నిషేధించాడు. షియా ఫిఖ్హ్‌లో ఫుఖ్ఖాఅ్ హరామ్. ఇరాన్‌లో ఇంటింటా ఉండే తౌజీహుల్ మసాయిల్ కితాబుల్లో ఆ మస్అలా పక్కనే ఒక చిన్న వివరణ ఉంటుంది: తబీబ్ చెప్పినట్టు బార్లీ నుంచి తీసే నీళ్ళు, అంటే మాఉష్షయీర్, పాక్. నా ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. మాఉష్షయీర్ అన్న పేరు తిబ్ కితాబులోంచీ ఫిఖ్హ్ కితాబులోంచీ సనద్ తీసుకుని నిలబడింది. ఫార్సీ పేరు ఆబ్‌జోకి ఆ కాపలా లేదు. ఆధునిక కాలంలో యూరప్ తరహా బీరు ఇరాన్‌కి వచ్చినప్పుడు, ఆ పేరు దానికి అతుక్కుంది. తెహ్రాన్‌లో ఆర్గో అనే ఆబ్‌జో ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడు ఆ భవనం చిత్రకళా మ్యూజియం.

1979 ఇంఖిలాబ్ తర్వాత అక్కడ మద్యం మీద నిషేధం వచ్చింది. నషా లేని మాల్ట్ పానీయాలు బజారు నింపాయి. నిమ్మ, పీచ్ రుచులతో సహా. వాటికి పేరేం పెట్టాలి? ఆబ్‌జో అంటే ఎవరూ కొనరు, పైగా జుర్మ్. కాబట్టి మాఉష్షయీర్ అని పెట్టారు. ఇక్కడ కొంచెం ఆగాలి. ఆ సీసాలో ఉన్నది ఇబ్న్ సీనా చెప్పిన గంజి కాదు. మాల్ట్‌తో చేసి, గ్యాస్ ఎక్కించిన కూల్‌డ్రింకు. పేరు దవాది, రుచి బీరుకి దగ్గరది, సరుకు మూడోది. మా మామూ తెచ్చింది కూడా ఆ జాతిదే. గల్ఫ్‌లో అరబీ లేబుల్ మీద దాన్ని 'షరాబ్ షయీర్' అంటారు.

అందుకే రెండు వైపులా జాగ్రత్త కావాలంటాను. నా ఉమ్మత్‌లో కొందరు ఖమ్ర్‌ని వేరే పేరు పెట్టి తాగుతారని హుజూర్ (స) ముందే హెచ్చరించిన హదీసు ఉంది. సీసా మీద పాక్ పేరుంటే లోపలిది పాక్ అయిపోదు. ఆల్కహాల్ శాతం ఎంతో, ఎలా తయారైందో చూడాలి, షక్ ఉంటే ఆలిముల్ని అడగాలి. ఫత్వా ఇవ్వడం నా పని కాదు. కానీ రెండో వైపు కూడా అంతే నిజం. పేరు చెవికి తగలగానే మనిషి మీద ఫైసలా చేసేయడమూ తగదు. ఈ రోజు గల్ఫ్ నుంచి వచ్చినవాడి చేతిలో సీసా ఫోటో తీసి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, కింద నాలుగు కామెంట్లు రాయడానికి అర నిమిషం చాలు. దాన్ని చదివిన పిల్లాడికి ఆ జబాన్ వచ్చా రాదా అని ఎవరడుగుతారు? బద్‌గుమానీ కూడా గునాహే అని కురాన్ చెప్పింది కదా.

నానీ సంగతి చెబుతానన్నాను. హకీమ్ సాహెబ్ దగ్గర్నుంచి వచ్చాక, నేను ఆయన చెప్పిందంతా చెప్పాను. బార్లీ నీళ్ళ గిన్నె చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నీలం రంగు విమానం కవరు తెమ్మంది. ఆమెకి చదవడం వచ్చు, రాయడం రాదు. నాతో రాయించింది: "బేటా, నీ సీసాలో ఉన్నదే ఇప్పుడు హకీమ్ నాకు దవాగా ఇచ్చాడు. తాగుతున్నాను. అమ్మని మాఫ్ చెయ్. వచ్చేటప్పుడు మళ్ళీ తీసుకురా, నీ దగ్గర కూర్చుని తాగుతా."

సీసాలో ఉన్నదీ గిన్నెలో ఉన్నదీ ఒకటి కాదని ఈ రోజు నాకు తెలుసు. అప్పుడు తెలిసినా ఆ ఖత్‌లో ఒక్క అక్షరం మార్చేవాణ్ణి కాదు. కింద నా తరఫున ఒక వాక్యం చేర్చాను, నానీకి చెప్పకుండా: "మామూ, తప్పు చదివింది నేను."

మామూ ఇప్పుడు నల్లగొండలోనే ఉంటారు. నానీ లేదు, అల్లాహ్ ఆమెకి మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆ నీలం ఖత్ మామూ పాస్‌పోర్టు కవర్లో ఇప్పటికీ ఉంది. ఎండాకాలం నేను వెళ్ళినప్పుడల్లా ముమానీ బార్లీ నీళ్ళు నిమ్మకాయ పిండి తెస్తుంది. మామూ గ్లాసు నా చేతికిస్తూ ప్రతిసారీ ఒకటే అడుగుతారు: "ముందు చదువు బేటా, ఏముందో!"