డాన్ కథ ప్రయాణం: 'యుగంధర్' నుంచి ప్లేస్టేషన్ దాకా

తెలుగు సినిమా చరిత్ర రాసేవారు డబ్బింగ్ చిత్రాలనూ, రీమేక్‌లనూ తప్పక లెక్కలోకి తీసుకుంటారు. ఒక కథ హిందీ నుంచి తెలుగుకు, తెలుగు నుంచి కన్నడానికి ఎలా వెళ్ళిందో వివరిస్తారు. కాని అదే కథ సినిమాహాలు దాటి ఆటయంత్రంలోకి వెళ్ళినప్పుడు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. ఈ వ్యాసంలో మేము అటువంటి ఒక ఆటను పరిశీలిస్తున్నాము. అది 2013లో ప్లేస్టేషన్ 2 యంత్రానికి వచ్చిన 'డాన్ 2: ద గేమ్'. దానికి ఆధారం హిందీ చిత్రం. దాన్ని తయారుచేసింది హైదరాబాదు సంస్థ గేమ్‌శాస్త్ర. బెంగళూరు హూడిలోనూ, ఆ చుట్టుపక్కలా ఉంటూ చదువుకునే తెలుగువారికి ఈ చిన్న చరిత్రతో ఏమి పని అన్నది చివర చెబుతాము.

ముందు కథ పుట్టుక చూద్దాం. సలీం-జావేద్ రాయగా చంద్ర బారోట్ దర్శకత్వంలో 'డాన్' 1978లో విడుదలయింది. మరుసటి ఏడే అది తెలుగులోకి వచ్చింది. 1979 నాటి 'యుగంధర్'కు దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, నాయకుడు ఎన్.టి. రామారావు, సంగీతం ఇళయరాజా. 'మోసగాళ్ళకు మోసగాడు' (1971) తీసిన దాస్ కన్నడంలోనూ అనేక చిత్రాలకు దర్శకత్వం వహించినవాడు. 1980లో తమిళంలో రజనీకాంత్‌తో 'బిల్లా' వచ్చింది. 2007లో అజిత్‌తో దాన్ని మళ్ళీ తీశారు. ఆ దారిలోనే 2009లో మెహర్ రమేశ్ దర్శకత్వంలో ప్రభాస్ నటించిన తెలుగు 'బిల్లా' వచ్చింది. ఈ మధ్యలో, 2006లో, ఫర్హాన్ అఖ్తర్ హిందీ 'డాన్'ను షారుఖ్ ఖాన్‌తో తిరిగి తీశాడు. దాని కొనసాగింపు 'డాన్ 2' 2011 డిసెంబరు 23న విడుదలయింది. అది తెలుగు డబ్బింగుతో కూడా వచ్చింది.

ఈ వరుసలో గమనించదగిన మార్పు ఒకటి ఉంది. 1978 కథలో నేరగాడు చనిపోతాడు. అతని పోలికలే ఉన్న ఒక అమాయకుణ్ణి పోలీసు అధికారి ఆ స్థానంలోకి పంపుతాడు. మంచివాడు చెడ్డవాడి వేషంలో పడే ఇబ్బందులే ఆ కథకు ప్రాణం. రాముడు-భీముడు తరహా ద్విపాత్రాభినయానికి అలవాటుపడిన తెలుగు ప్రేక్షకుడికి అది కొత్త కాదు. 2006 చిత్రం దీన్ని తలకిందులు చేసింది. అమాయకుడి వేషంలో తిరిగినవాడే అసలు డాన్ అని చివర తేలుతుంది. అందువల్ల 'డాన్ 2' నాటికి అమాయకుడు కథలోనే లేడు. మిగిలింది నేరగాడు, బెర్లిన్‌లో అతడు వేసే దోపిడి పథకం. ఇక ఆటలో ఇంకొక మెట్టు ఎక్కినట్టయింది. సినిమాలో డాన్‌ను మనం చూస్తాము. ఆటలో మీటలు మన చేతిలో ఉంటాయి, కాబట్టి డాన్ చేసే పని మనమే చేయాలి. సినిమా చూసేవాడు డాన్‌ను మెచ్చుకోవచ్చు, అసహ్యించుకోవచ్చు. ఆడేవాడికి ఆ రెండింటికంటె ముందు గెలుపు కావాలి. ప్రక్రియ మారితే నీతి కూడా మారుతుందనడానికి ఇంతకంటె సులువైన ఉదాహరణ దొరకదు.

ఇప్పుడు యంత్రం సంగతి. ప్లేస్టేషన్ 2 జపానులో 2000 మార్చి 4న విడుదలయింది. ప్రపంచమంతటా 15 కోట్లకు పైగా అమ్ముడయిన యంత్రమది. ప్రధాన జ్ఞాపకశక్తి 32 మెగాబైట్లు, చిత్రాల కోసం వేరుగా 4 మెగాబైట్లు. నేటి చవక సెల్‌ఫోనులో కూడా దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఈ ఇరుకులో ఒక నగరాన్ని, అందులో తిరిగే మనుషులను, తుపాకి మోతను, సంభాషణలను సర్దాలి. తెరమీద కనిపించే ప్రతి గోడనూ తక్కువ కోణాలతో గీయాలి. ఒకే రంగుల పటాన్ని పదిచోట్ల వాడుకోవాలి. కనబడని దాన్ని జ్ఞాపకం నుంచి తీసివేయాలి. పొదుపుగా సంసారం నడిపే ఇల్లాలి నేర్పు వంటిది ఈ పని.

2006లోనే ప్లేస్టేషన్ 3 వచ్చింది. అయినా మన దేశంలో పాత యంత్రానికే ఎక్కువ ఇళ్ళలో చోటుండేది. ధర తక్కువ, పాత టీవీకే తగిలించుకోవచ్చు, డీవీడీ సినిమాలు కూడా చూడవచ్చు. ఈ ఆదరణను చూసే సోనీ సంస్థ భారతీయ ఇతివృత్తాలతో ఇక్కడి స్టూడియోల చేత ఆటలు చేయించింది. అందులో హైదరాబాదు వాటా పెద్దది. 2009లో హైదరాబాదుకు చెందిన ఆరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్' చేసింది. దేవుణ్ణి మీటలతో ఆడించడం తగదని అమెరికాలో కొందరు అభ్యంతరం చెప్పారు. గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా'లో కబడ్డీ, గాలిపటాల వంటి మన ఆటలను తెరకెక్కించింది. అంతకు కొంచెం ముందు, గీతా ఆర్ట్స్ వారి హిందీ 'గజిని' (2008) ఆధారంగా హైదరాబాదు ఎఫ్ఎక్స్ ల్యాబ్స్ కంప్యూటరు ఆట ఒకటి తయారుచేసింది. 'డాన్ 2' ఈ పరంపరలోనిదే.

కాని కాలం కలిసిరాలేదు. సినిమా 2011లో వస్తే ఆట 2013లో వచ్చింది. సినిమా ఆటకు బలం హాలు ముందున్న సందడే. ఆ సందడి అప్పటికే చల్లబడింది. యంత్రం పరిస్థితి కూడా అంతే. 2012 డిసెంబరులో జపానులో ప్లేస్టేషన్ 2 సరఫరా ఆగింది; 2013 జనవరిలో ప్రపంచమంతటా ఉత్పత్తి నిలిపివేసినట్టు సోనీ తెలిపింది. ఒక యంత్రానికి చివరి రోజుల్లో వచ్చిన ఆటను సమీక్షించేవారూ, దాచేవారూ తక్కువే.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. హిందీ సినిమా, జపాను యంత్రం. ఇందులో తెలుగు ఏముంది? భాష ఒక్కటే కొలబద్ద అయితే ఏమీ లేదనే చెప్పాలి. అయితే మద్రాసు స్టూడియోల్లో పరభాషా చిత్రాలకు పనిచేసిన తెలుగు సాంకేతికులను మనం మన చరిత్రలోనే చేర్చుకుంటున్నాము. ఒక ఊరి పని, ఆ పనిలో సంపాదించిన నేర్పు ఆ ఊరి చరిత్రే. ఎదురు ఉదాహరణ బెంగళూరులోనే ఉంది. తెలుగు కథ అయిన 'బాహుబలి'కి 2017లో సెల్‌ఫోను ఆట చేసిన మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ బెంగళూరు సంస్థ. హిందీ కథకు హైదరాబాదులో, తెలుగు కథకు బెంగళూరులో ఆట తయారయిందన్నమాట. భాషకూ, కథకూ, పనిచేసే చోటుకూ మధ్య ఉన్న పాత ముడి వదులయిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

హూడి సంగతి ఇక్కడే వస్తుంది. కృష్ణరాజపురానికీ వైట్‌ఫీల్డుకూ నడుమ ఉన్న ఈ ఊరు, టెక్ పార్కు వచ్చాక రూపు మారింది. 2023లో మెట్రో కూడా వచ్చింది. ఇక్కడి పీజీల్లో ఉండే మన విద్యార్థులు రేపు రాసే ప్రోగ్రాములు, గీసే బొమ్మలు తెలుగులో ఉండవు. వాటిమీద తెలుగు పేరూ ఉండదు. అవి తెలుగువారి చరిత్ర కావంటే, 'డాన్ 2' చేసిన హైదరాబాదు చేతులకు పట్టిన గతే వాటికీ పడుతుంది.

అందుచేత మా సూచన చిన్నది. పాత ఆటల పెట్టెలు, వివరణ పుస్తకాలు, చివర పేర్లు కనిపించే తెరల ఛాయాచిత్రాలు దొరికితే పారవేయవద్దు. డిస్కు గీతలు పడితే పోతుంది. యంత్రం చెడితే కొత్తది రాదు. ఆ స్టూడియోల్లో పనిచేసినవారు ఇప్పుడు నడివయసులో ఉన్నారు. వారిలో కొందరు ఇదే నగరంలో ఉండవచ్చు. ఎవరైనా పరిచయమైతే ఏ పని చేశారో, 32 మెగాబైట్లలో ఏది వదులుకోవలసి వచ్చిందో అడిగి, తెలుగులో రాసి పెట్టండి. 'యుగంధర్' గురించి మనకు ఈమాత్రమైనా తెలిసిందంటే, ఎవరో ఒకరు ఎప్పుడో రాసి ఉంచబట్టే.