ఉల్లిపొర దాకా వచ్చిన కణం పాఠం

ఎనిమిదో తరగతి పిల్లల్ని కణం బొమ్మ గీయమంటే దాదాపు అందరిదీ ఒకే బొమ్మ. మొక్క కణమంటే ఇటుకలాంటి డబ్బా, అందులో పచ్చటి హరితరేణువులు. జంతు కణమంటే ఒక గుండ్రం, మధ్యలో చుక్క. భాగాల పేర్లు రాస్తే మార్కులు వచ్చేస్తాయి. ఈ బొమ్మ వెనుక మూడున్నర శతాబ్దాల చూపు ఉంది. పిల్లలకు అందనిది ఆ చూపే.

1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే కనిపించినవి ఖాళీ గదులు, అంటే చచ్చిన కణాల గోడలు. కేంద్రకానికి రాబర్ట్ బ్రౌన్ పేరు పెట్టింది 1831లో. మొక్కలన్నీ కణాలేనని 1838లో ష్లైడెన్, జంతువులూ అంతేనని మరుసటి ఏడాది ష్వాన్ చెప్పారు. పిల్లలు ఒక్క పీరియడ్‌లో పట్టిక గీసి తేల్చేసే మొక్క, జంతు కణాల పోలిక అప్పటికి గానీ సాధ్యపడలేదు.

తెలుగులో జీవశాస్త్రానికి గట్టి పునాది వేసింది కొమర్రాజు లక్ష్మణరావు పూనికతో 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి. ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం, వి. శ్రీనివాసరావు వృక్షశాస్త్రం ఆ గ్రంథమాలలోనే వచ్చాయి. బడి పుస్తకాలు కాకపోయినా, ఇలాంటి విషయాన్ని తెలుగులో వివరంగా చెప్పవచ్చని అవి రుజువు చేశాయి.

కణం పాఠంలో మనవాడి పేరు ఒకటి తప్పకుండా చెప్పాలి. మైటోకాండ్రియాను కణానికి శక్తి కేంద్రమని ప్రతి పిల్లవాడూ వల్లిస్తాడు. ఆ శక్తిని మోసే ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. గోదావరి జిల్లా కుర్రాడు కణం లోపలికి అంత దూరం వెళ్లాడని చెబితే, తరగతిలో ఆ మాటకు వచ్చే బలమే వేరు.

కణం మీద పరిశోధన కోసం అంత దూరం చూడనక్కర్లేదు, విశాఖలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి వృక్షశాస్త్ర శాఖలో జిల్లెళ్ల వెంకటేశ్వర్లు మొక్కల క్రోమోజోముల మీద ఏళ్ల తరబడి పరిశోధించారు. నగరంలోని సీతమ్మధార నుంచి ఆ ప్రయోగశాలలు ఎంతో దూరం కాదు. అయినా చాలాకాలం బడుల్లో కణమంటే నల్లబల్ల మీది సుద్దముక్క గీతే.

2011 రాష్ట్ర పాఠ్యప్రణాళిక తర్వాత వచ్చిన ఎనిమిదో తరగతి జీవశాస్త్రం ఆ పద్ధతిని మార్చాలని చూసింది. ఉల్లిపొరనూ, బుగ్గ కణాలనూ పిల్లల చేతే చూపించమంది. నా దృష్టిలో ఈ పాఠం చరిత్రలో అసలు మలుపు ఇదే. 2022లో భారం తగ్గింపు పేరిట ఎన్‌సీఈఆర్‌టీ ఎనిమిదో తరగతి నుంచి కణం అధ్యాయాన్నే తీసేయడం మాత్రం తప్పు. 2025 నాటి కొత్త పుస్తకంలో సూక్ష్మజీవులతో కలిపి కణాన్ని మళ్లీ తెచ్చారు, సంతోషం.

పని పెద్దదేమీ కాదు. సీతమ్మధార రైతుబజారు ఉల్లిపాయ ఒకటి చాలు. రెబ్బను విరిచి, లోపలి వైపు పొరను గాజుపలక మీద నీటి చుక్కలో పరచాలి. సాఫ్రనిన్ చుక్క వేసి, కవర్ స్లిప్‌ను ఏటవాలుగా, మెల్లగా దించాలి. తొందరపడితే గాలి బుడగలు చేరతాయి, పిల్లలు వాటినే కణాలనుకుంటారు. సరిగ్గా కుదిరితే గోడలు గోడలుగా పొడవాటి కణాలు, ఒక్కోదానిలో ఎర్రటి కేంద్రకం కనిపిస్తాయి. అప్పుడు ఎవరో ఒకరు తప్పక అడుగుతారు: పచ్చటి రేణువులేవి, సార్? ఉల్లిగడ్డ నేలలో పెరిగేది, ఎండతో ఆహారం తయారుచేసే పని దానికి లేదు. అదే హైడ్రిల్లా ఆకు పెడితే పచ్చటి రేణువులు కళ్లెదుటే కదులుతాయి. పుస్తకంలో బొమ్మ ఒకటే గానీ మొక్కలోని కణాలన్నీ ఒక్కలా ఉండవని ఆ ప్రశ్నతోనే తెలుస్తుంది. పుక్కిలించి, మొద్దు పుల్లతో బుగ్గ లోపల తేలిగ్గా గీకి మిథిలీన్ బ్లూ వేస్తే, గోడ లేని పలచటి కణాలు పక్కనే పోల్చుకోవడానికి దొరుకుతాయి.

సూక్ష్మదర్శిని లేదన్న సాకు కూడా పాతబడింది. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం కాగితం మడతలతో చేసిన సూక్ష్మదర్శిని ఫోల్డ్‌స్కోప్‌ను 2014లోనే లోకానికి చూపింది.

విశాఖలోని డిగ్రీ కళాశాలలు, విశ్వవిద్యాలయ శాఖలు నెలకొక శనివారం తమ ప్రయోగశాల తలుపులు చుట్టుపక్కల బడి పిల్లలకు తెరవాలి. ఉపాధ్యాయులు బొమ్మ గీయించే ముందు ఒక్కసారి చూపించాలి.