ఆ పది ఎక్కడిది?

హైదరాబాద్ శివార్లలో పాతిక మీటర్ల షూటింగ్ రేంజ్. ఎదురుగా ఎత్తైన మట్టికట్ట, దాని ముందు వరసగా కాగితం టార్గెట్లు. పొద్దుటి ఎండ ఎడమవైపు నుంచి ఏటవాలుగా పడుతోంది. మీరు చెవులకి మఫ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకున్నారు. బల్ల మీద క్లబ్బు వాళ్ల .22 పిస్టల్ ఉంది. ఛాంబర్లోంచి నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్ తోకలా బయటికి కనిపిస్తోంది. మన హైదరాబాదమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో 25 మీటర్ల పోటీలో టీమ్ స్వర్ణం, వ్యక్తిగత రజతం తెచ్చింది ఈ కోవకి చెందిన పిస్టల్‌తోనే.

"లోడ్" అన్న కేక వినపడగానే ఫ్లాగ్ లాగి, అయిదు తూటాల మ్యాగజైన్ ఎక్కిస్తారు. చెయ్యి చాస్తారు. రియర్ సైట్ గాడి నడుమ ఫ్రంట్ సైట్ నిటారుగా నిలబడాలి. దానికి రెండు పక్కలా వెలుతురు సమానంగా కనపడాలి, పై అంచులు ఒకే గీతలో ఉండాలి. ఆ గీతని నల్లటి వృత్తానికి కింద, తెల్లకాగితం మీద నిలుపుతారు. నలుపు నడిమధ్యకి గురిపెడితే నల్లటి సైట్ అందులో కలిసిపోయి కనపడదు. అందుకని గురి కింది తెలుపులో ఉంటుంది, తూటా మాత్రం పైన మధ్యలో తగిలేలా సైట్లు అమర్చి ఉంటాయి.

ఊపిరి సగం వదిలి ఆపుతారు. వేలు మెల్లగా వెనక్కి వస్తుంది. ఠప్. మళ్లీ ఒకటి, ఇంకొకటి, నాలుగోది. ప్రతిసారీ తూటా వెళ్లిన క్షణాన ఫ్రంట్ సైట్ ఎక్కడుందో మీకు స్పష్టంగా తెలుసు. చెయ్యి అలిసిపోయి, అయిదోది మాత్రం ఇక వదిలేద్దామన్నట్టు వదిలేశారు.

మ్యాగజైన్ తీసి, ఫ్లాగ్ పెట్టి, ముక్కాలి స్టాండు మీదున్న టెలిస్కోప్‌లోకి వంగి చూస్తారు. గడియారంలో రెండు గంటల దిక్కున, ఎనిమిదో రింగులో నాలుగు చిల్లులు దగ్గరదగ్గరగా ఉన్నాయి. అయిదోది పదిలో, నడిబొడ్డున. మొత్తం 42.

మీ చెయ్యి అప్పటికే స్క్రూడ్రైవర్ మీద పడింది.

"ఆగండి" అంటారు కోచ్. "స్క్రూ ఎక్కడికీ పోదు. ముందు ఇది చెప్పండి, ఆ పది ఎలా కొట్టారు?"

"తెలీదు సార్. అలా వెళ్లిపోయింది."

ఆయన ఏమీ అనకుండా అయిదో షాట్ పక్కన నోట్‌బుక్‌లో చిన్న ప్రశ్నార్థకం వేసుకుంటారు.

తూటా గురి తప్పి వెళ్తోందంటే అడగాల్సిన ప్రశ్నలు రెండు. తూటాలన్నీ ఒకేచోట గుంపుగా పడుతున్నాయా? ఆ గుంపు కావలసిన చోట పడుతోందా? గుంపు బిగువుగా ఉండి చోటు మాత్రం తప్పితే సైట్ల అమరికనో, షూటర్ చేతికి పట్టుబడిన ఒక అలవాటునో అనుమానించాలి. గుంపే చెదిరిపోతే ఏదో మర వదులైందో, తూటాలు సరిగ్గా లేవో, బ్యారెల్ అంచు దెబ్బతిందో, లేదా చెయ్యి ప్రతిసారీ ఒక్కో రకంగా చేస్తోందో వెతకాలి. ఈ రెండూ తేల్చకుండా సైట్ తిప్పితే, తిప్పడానికి ముందు సంగతేమిటో ఇంకెప్పటికీ తెలియదు.

ముందు పిస్టల్‌ని చూస్తారు. ఛాంబర్ ఖాళీ అని మరోసారి నిర్ధారించుకుని, కోచ్ రియర్ సైట్‌ని బొటనవేలు, చూపుడువేలి మధ్య పట్టి అటూ ఇటూ కదుపుతారు. కదల్లేదు. ఫ్రంట్ సైట్ గట్టిగానే ఉంది. చెక్క గ్రిప్ మర బిగిసే ఉంది. టార్చ్ వేసి బ్యారెల్ కొసని చూస్తారు. అక్కడ చిన్న గాటు పడినా బయటికొచ్చే తూటా వెనక గ్యాస్ ఓ పక్కకి ఎక్కువగా కొట్టి, తూటా దారి మారుతుంది. కొస నున్నగా ఉంది. ట్రిగ్గర్‌కి కిలో బరువు తగిలించి ఎత్తుతారు. 25 మీటర్ల పిస్టల్ పోటీలో నిబంధన అదే, ట్రిగ్గర్ కనీసం వెయ్యి గ్రాములు మొయ్యాలి. మోసింది. తూటాల పెట్టె మీద లాట్ నంబర్ చూస్తారు. పోయిన వారం వాడిన లాటే. లాట్ మారితే ఒక్కోసారి గుంపు చోటు కూడా మారుతుంది.

ఈ తతంగమంతా చాదస్తమేమీ కాదు. 2021 జులై 25న టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పది మీటర్ల క్వాలిఫికేషన్ కొడుతుండగా పిస్టల్ లీవర్ విరిగింది. బాగుచేయించుకుని వచ్చేసరికి చాలా సమయం పోయింది. 575తో ముగించి, రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ పోగొట్టుకుంది. తప్పెప్పుడూ మనిషిదే అనుకోవడానికి వీల్లేదు. యంత్రానికీ తన వంతు విచారణ జరగాలి.

ఇప్పుడు ఇసకబస్తా. కుర్చీలో కూర్చుని మణికట్లు బస్తా మీద ఆనిస్తారు. పిస్టల్ మాత్రం దేనికీ తగలకూడదు. బ్యారెల్‌ని గట్టి వస్తువు మీద ఆనిస్తే పేలినప్పుడు అది ఎగిరే తీరు మారి, తూటా వేరేచోట పడుతుంది. రెండు చేతులతో పట్టుకుని, తీరిగ్గా అయిదు. టెలిస్కోప్‌లో చూస్తే అయిదూ ఒక్కచోటే, నాలుగు సెంటీమీటర్ల లోపు. ఆ చోటు మళ్లీ రెండు గంటల దిక్కే. కోచ్ కూర్చుని తన అయిదూ కొడతారు. వాటి చిల్లులు మీ చిల్లుల్లోనే కలిసిపోయాయి.

ఇద్దరు వేర్వేరు మనుషులు, చెయ్యి ఊగే అవకాశం లేదు, అయినా తూటాలు అదే చోట. పిస్టల్ బాగుంది, గుంపు బాగుంది. సైట్లే మధ్యలో లేవు. స్కేలు పెట్టి కొలుస్తారు. కుడికి అయిదు సెంటీమీటర్లు, పైకి నాలుగు.

"ఇంటిల్లిపాదీ తొక్కే సైకిల్‌కి సీటు ఎవరి ఎత్తుకుంటుంది?" అని నవ్వుతారాయన. "మీకు ముందు దీన్ని వాడినాయన తిప్పి వెళ్లుంటాడు."

ఎందుకు తిప్పుంటాడో ఊహించడం కష్టం కాదు. కుడిచేత్తో కొట్టేవాళ్లు ట్రిగ్గర్‌ని గుంజితే తూటా సాధారణంగా కిందికి, ఎడమకి వెళ్తుంది. గుంజడం మానుకోవడం కన్నా సైట్‌ని పైకి, కుడికి తిప్పేయడం తేలిక. మర్నాటి నుంచి గుంజినా పదే పడుతుంది.

రియర్ సైట్‌ని తూటా ఎటు వెళ్లాలో అటే జరపాలి. ముందున్న సైట్‌ని జరపాల్సి వస్తే లెక్క తలకిందులు. ఈ పిస్టల్‌కి పాతిక మీటర్ల దగ్గర క్లిక్కుకి సుమారు సెంటీమీటరు. ఎడమకి అయిదు క్లిక్కులు, కిందికి నాలుగు. ప్రతి క్లిక్కూ వేళ్లకి తెలుస్తుంది. మళ్లీ ఇసకబస్తా మీద అయిదు. ఈసారి గుంపు నడిమధ్యన ఉంది.

ఇక లేచి నిలబడి, మామూలుగా ఒంటిచేత్తో కొట్టాలి. అయిదు కొట్టి, ధీమాగా టెలిస్కోప్‌లోకి చూస్తారు. తొమ్మిది, ఎనిమిది, మళ్లీ ఎనిమిది, ఏడు, ఆరు. దాదాపు అన్నీ కిందికి, ఎడమకి. బాగున్నదాన్ని చెడగొట్టారనిపిస్తుంది.

కోచ్ మీ చేతిలోని మ్యాగజైన్ తీసుకుని వెనక్కి తిరుగుతారు. అసలు తూటాల మధ్య ఒకటో రెండో ఉత్తుత్తి తూటాలు కలిపి నింపి ఇస్తారు. ఏది ఎప్పుడొస్తుందో మీకు తెలియదు. మొదటిది పేలింది. రెండోదానికి చెయ్యి చాచి, గీత కలిపి, వేలు నొక్కుతారు. టిక్. పేలలేదు. కానీ ఫ్రంట్ సైట్ గాడిలోంచి జారి కిందికి, ఎడమకి మునిగిపోవడం కళ్లారా చూశారు. పేలి ఉంటే ఆ మునక చప్పుడులో, కుదుపులో దాగిపోయేది. ఇప్పుడు దానికి మరుగు లేదు. పేలుడుని ముందే ఊహించి, చెయ్యి దాన్ని అణచబోయింది.

ఆ మునక కంటికి ఆవగింజంత కూడా ఉండదు. కానీ ఈ పోటీల పిస్టల్ మీద రెండు సైట్ల మధ్య దూరం ఎంత పెద్దదైనా 22 సెంటీమీటర్లే. ఫ్రంట్ సైట్ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే, పాతిక మీటర్ల దగ్గర తూటా 11 సెంటీమీటర్లు పక్కకి పడుతుంది. అదే సైట్లు రెండూ సరిగ్గా కలిసి ఉండి, చెయ్యి మొత్తంగా ఒక సెంటీమీటరు అటు ఊగితే తూటా కూడా సెంటీమీటరే జరుగుతుంది. పది రింగు వెడల్పు అయిదు సెంటీమీటర్లు, కాబట్టి ఆ ఊపు పెద్దగా నష్టం చెయ్యదు. కొత్తవాళ్లు చెయ్యి ఊగుతోందని హడలిపోయి, గీత కుదిరిన క్షణాన్ని పట్టుకోవాలని చటుక్కున గుంజుతారు. ఊపుతో పోయేది ఒక సెంటీమీటరు, గుంజుడుతో పోయేది పది.

కోచ్ నోట్‌బుక్ తిప్పి ఆ ప్రశ్నార్థకం మీద వేలు పెడతారు. ఇప్పుడు మీకే అర్థమవుతుంది. మొదటి సిరీస్‌లో నాలుగు షాట్లు మీరు శుభ్రంగా కొట్టినవి. సైట్లు ఎటు చూపిస్తే అటే వెళ్లి ఎనిమిదిలో పడ్డాయి. అయిదోది గుంజారు. మీ గుంజుడు, ముందాయన తిప్పిన తిప్పుడు ఒకదానికొకటి సరిపోయి తూటా పదిలో పడింది. ఆ సిరీస్‌లో చెడ్డ షాట్ ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఈ జబ్బుకి మందు మరల్లో లేదు. తూటాలన్నీ పక్కన పెట్టి, ఖాళీ పిస్టల్‌తో టార్గెట్ వైపే, కాగితంలోని తెల్లటి భాగం మీదకి చెయ్యి చాస్తారు. గురిపెట్టడానికి అక్కడ నలుపు లేదు, పేలుతుందన్న భయం లేదు. ఫ్రంట్ సైట్ పై అంచు మీద చూపు నిలిపి, ట్రిగ్గర్ మీద బరువు కొంచెం కొంచెంగా పెంచుతూ పోవాలి. టిక్ అన్నాక కూడా గీత చెదరకుండా ఒకట్రెండు క్షణాలు అలాగే ఉండాలి. విసుగు పుట్టేదాకా ఇదే పని.

ఆఖరి సిరీస్. ఎనిమిది, తొమ్మిది, ఏడు, తొమ్మిది, ఎనిమిది. చిల్లులు పైన ఒకటి, కింద ఒకటి, కుడిన, ఎడమన, మధ్య చుట్టూ పరుచుకుని ఉన్నాయి. ఒక్క దిక్కుకి మొగ్గలేదు. మొత్తం 41, మొదటి సిరీస్ కన్నా ఒకటి తక్కువ.

"ఇది నయం" అంటారు కోచ్. "గుంపు చుట్టూ పరుచుకుంటే సాధనతో దగ్గరికి వస్తుంది. దీనికోసం సైట్ తిప్పే పని లేదు."

పిస్టల్ పెట్టెలో ఒక చీటీ పెడతారు. తారీఖు, తూటాల లాట్ నంబర్, ఎడమకి అయిదు, కిందికి నాలుగు, గురి కింది తెలుపులో. దాని కింద తర్వాత వాడేవాళ్లకి ఒక్క ముక్క: "ఇసకబస్తా మీద అయిదు కొట్టాకే స్క్రూ ముట్టుకోండి."