వినడం వేరు, ఆదుకోవడం వేరు

విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయిన పోలీసులను తలచుకునేటప్పుడు మనం వారి ధైర్యం గురించే మాట్లాడుకుంటాం. నేలకొరగడానికి ముందు వారు ఎవరిని పిలిచారు, ఆ పిలుపు ఎవరికి చేరింది, చేరిన తర్వాత ఏమైంది అన్న ప్రశ్నలు సాధారణంగా అడగం. 2008 నవంబర్ 26 రాత్రి ముంబైలో జరిగినదాన్ని ఈ ప్రశ్నల వైపు నుంచి చదివితే, మనకు అలవాటైన వీరగాథ వెనుక మరో చరిత్ర కనిపిస్తుంది. అది కంట్రోల్ రూమ్ చరిత్ర.

పోలీసు రేడియో పుట్టినప్పుడు అది ఒకవైపే మాట్లాడేది. 1928లో అమెరికాలోని డెట్రాయిట్‌లో గస్తీ కార్లకు ఆదేశాలు వినిపించాయి, కానీ కార్లలోని వారు బదులు చెప్పే వీలు లేదు. 1933లో న్యూజెర్సీలోని బయోన్‌లో ఆ వీలు కలిగింది. రోడ్డు మీది పోలీసు సాయం కోరగలిగే స్థితి అప్పటినుంచే మొదలయింది. మన దేశంలో రాష్ట్రాల పోలీసు వైర్‌లెస్ వ్యవస్థలను సమన్వయపరిచే డైరెక్టరేట్ 1946లో ఏర్పడింది.

అయితే యంత్రం రెండువైపులా మాట్లాడినంత మాత్రాన సాయం దానంతటదే రాదు. మామూలు వైర్‌లెస్ చానల్‌లో ఒకసారికి ఒక్కరే మాట్లాడగలరు. ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే ఇద్దరి మాటా చెడుతుంది. అందుకే ఆపదలో ఉన్న అధికారి గొంతు వినిపించగానే ఆపరేటర్ చేయవలసిన మొదటి పని మిగిలిన అందరినీ మౌనంగా ఉండమనడం. తర్వాత చోటు తెలుసుకోవాలి, దగ్గరలోని బలగాన్ని పంపాలి, ఎవరు వస్తున్నారో పిలిచిన మనిషికి తిరిగి చెప్పాలి, సమయంతో సహా లాగ్ పుస్తకంలో రాయాలి. ఈ మెట్లలో చివరిది ఒక్కటే పూర్తయితే, మిగిలేది సాయం కాదు, సాక్ష్యం.

ఆ రాత్రి ముంబై కంట్రోల్ రూమ్ మీద పడిన భారాన్ని ముందుగా ఒప్పుకోవాలి. లియోపోల్డ్ కేఫ్, ఛత్రపతి శివాజీ టెర్మినస్, తాజ్, ఒబెరాయ్-ట్రైడెంట్, నారిమన్ హౌస్... ఒకదాని వెంట ఒకటిగా వార్తలు వచ్చాయి. రెండు ట్యాక్సీలలో అమర్చిన బాంబులు వేరే చోట్ల పేలడంతో దాడిచేసినవారు ఎందరో, ఎక్కడెక్కడ ఉన్నారో అంతుపట్టలేదు.

స్టేషన్‌లో కాల్పులు జరిపిన ఇద్దరు కామా ఆస్పత్రిలోకి చొరబడ్డారు. అదనపు కమిషనర్ సదానంద్ దాతే చిన్న బృందంతో వారిని ఎదుర్కొన్నారు. గ్రెనేడ్ల దాడిలో ఇద్దరు సహచరులు మరణించారు, దాతే గాయపడ్డారు. ఆ స్థితిలోనూ ఆయన వారిని నిలువరిస్తూ సాయం కోసం సందేశాలు పంపారు. హేమంత్ కర్కరే, అశోక్ కామ్టే, విజయ్ సలాస్కర్ ఆస్పత్రి వెనుక వైపుకు చేరుకున్నారు. అర్ధరాత్రి సమీపిస్తుండగా వారి క్వాలిస్ వాహనం పక్కనున్న సందులో తూటాలకు గురైంది. ముగ్గురు అధికారులూ మరణించారు.

వెనుక సీట్లలో ఉన్న కానిస్టేబుళ్లలో అరుణ్ జాదవ్ ఒక్కరే గాయాలతో బతికారు. ముష్కరులు అదే వాహనాన్ని నడుపుకుంటూ పోతుంటే సహచరుల దేహాల కింద కదలకుండా ఉండిపోయారు. టైరు దెబ్బతిని వారు దాన్ని వదిలి ఒక స్కోడా కారును లాక్కున్నాక, జాదవ్ వైర్‌లెస్ అందుకుని జరిగింది చెప్పారు. స్కోడా గురించిన హెచ్చరిక గిర్‌గావ్ చౌపాటీ దగ్గర రోడ్డుకు అడ్డంగా నిలిచిన పోలీసులకు అందింది. తుకారాం ఓంబ్లే ప్రాణమిచ్చి కసబ్‌ను పట్టించారు. సందేశం సరైన మనిషికి సరైన వేళకు చేరితే ఏమవుతుందో ఆ రాత్రే రుజువయింది.

మరి కామా ఆస్పత్రి పిలుపుల మాటేమిటి? ఈ ప్రశ్నను గట్టిగా అడిగింది ప్రభుత్వం కాదు, కామ్టే భార్య వినీత. సమాచార హక్కు చట్టం కింద కంట్రోల్ రూమ్ రికార్డులు సంపాదించి, వినీతా దేశ్‌ముఖ్‌తో కలిసి 2009లో ఆమె పుస్తకం ప్రచురించారు. ఆస్పత్రిని ముందు వైపు నుంచి కూడా ముట్టడించాలని కర్కరే కోరినట్టు రికార్డులో ఉందనీ, బలగం మాత్రం వెళ్లలేదనీ, గాయపడినవారు సందులో చాలాసేపు పడి ఉన్నారనీ ఆమె ఆరోపణ. ఆ రాత్రి కంట్రోల్ రూమ్ బాధ్యత చూసిన రాకేశ్ మారియా దాన్ని ఖండించారు.

ఇందులో ఎవరి పక్షం సరైనదో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. నేను చెప్పదలచినది మరొకటి. మాజీ కేంద్ర హోం కార్యదర్శి ఆర్.డి. ప్రధాన్ నేతృత్వంలోని కమిటీ కమిషనర్ హసన్ గఫూర్ నాయకత్వ తీరును తప్పుపట్టింది. సంక్షోభ వేళ ఎవరు ఎక్కడ ఉండాలో చెప్పే నియమావళిని పక్కనపెట్టడాన్నీ ఎత్తిచూపింది. అంటే కాగితం మీద ఏర్పాటు ఉంది. దాన్ని అవసరమైన రాత్రి వాడలేదు.

దాడుల తర్వాత జాతీయ దర్యాప్తు సంస్థ వచ్చింది. మహారాష్ట్ర ఫోర్స్ వన్‌ను ఏర్పాటు చేసుకుంది. హైదరాబాద్‌తో సహా నాలుగు నగరాల్లో ఎన్‌ఎస్‌జీ కేంద్రాలు వెలిశాయి. ఇవన్నీ కావలసినవే. కానీ తుపాకీ పట్టినవాడి గురించి జరిగినంత చర్చ, చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని బల్ల ముందు కూర్చున్న ఆపరేటర్ గురించి జరగలేదు. పై అధికారి ఆదేశం కోసం చూడకుండా దగ్గరి బలగాన్ని పంపే అధికారం అతనికి ఉందా? అలాంటి రాత్రి కోసం అతనికి ఎన్నిసార్లు తర్ఫీదు ఇచ్చాం? కొత్త డిజిటల్ సెట్లలో ఆపద మీట ఉంటుంది. నొక్కితే ఎవరు నొక్కారో తెర మీద కనిపిస్తుంది. ఆ తెరను చూసిన మనిషికి అధికారం లేకపోతే ఆ వెలుగు వల్ల లాభమేమిటి?

కర్కరే, కామ్టే, సలాస్కర్, ఓంబ్లేలకు మరణానంతరం అశోక చక్ర ఇచ్చి దేశం గౌరవించింది. అది న్యాయమే. కానీ భర్త ఆఖరి గంటలో ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఒక భార్య దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చిన చోట, ఆ గౌరవం ఇంకా సగమే పూర్తయింది.