మితానిన్

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమందలి పల్లెలయందును, పట్టణములలోని పేదవాడలయందును, రోగిగల ఇంటికిని వైద్యశాలకును నడుమ వారధియై మెలగెడి స్థానిక స్త్రీకి మితానిన్ అని పేరు. ఆచారవిధితో చేపట్టి, చుట్టరికముతో సమముగా జీవితాంతము పాటించెడి చెలిమి ఛత్తీస్‌గఢీ జనులలో కలదు. అట్టి నెచ్చెలిని పిలిచెడి మాటయే ఈ పేరు. ప్రభుత్వ పథకమునకు ఇంతటి ఆత్మీయమైన నామము లభించుట అరుదు.

మహారాష్ట్రమందలి జామ్‌ఖేడ్‌లో 1970లో కార్యమారంభించిన వైద్యులు ఆరోలే దంపతులు, చదువురాని గ్రామస్త్రీలకు సైతము వైద్యశిక్షణ నొసగవచ్చునని నిరూపించిరి. 2000లో రాష్ట్రమేర్పడిన వెనుక, వైద్యులు చేరని అరణ్యభూములు హెచ్చుగా నున్న ఛత్తీస్‌గఢ్ ఆ బాటనే పట్టి 2002లో మితానిన్ కార్యక్రమమును ఆరంభించెను. ఊరికొక్కరు గాక, పారా యనబడు ప్రతి పేటకును ఒక స్త్రీ యుండవలెననియు, ఆమెను ఆ పేటవారే ఎన్నుకొనవలెననియు నియమము. ఈ వ్యవస్థకు ప్రాణమీ నియమమే. ఏలయన, కార్యాలయము పంపిన మనిషికి తలుపు తెఱువని తల్లి, తమ పేట కోరుకొన్న పొరుగింటి యాడపడుచుకు తన బిడ్డ జ్వరమును దాచదు. 2005లో కేంద్రప్రభుత్వము ఆశా యను గ్రామారోగ్య కార్యకర్తలను నియమించుటకు ఈ యనుభవము మార్గదర్శకమయ్యెను.

దక్షిణ బస్తరులో, తెలంగాణ సరిహద్దున, నేటి బీజాపూర్ జిల్లాకు చెందిన ఉసూర్ ప్రాంతమున దీని విలువ మిక్కిలి స్పష్టమగును. గోండీయు, తెలుగు పలుకుబడి దట్టముగా సోకిన దోర్లీయు మాటలాడు ఆ పల్లెలలో, హిందీలో వ్రాయబడిన మందుచీటి యెంత మేలైనదైనను, దానిని ఇంటిభాషలో విప్పిచెప్పువారు లేనిచో నిరుపయోగమే. 2005 తరువాత మావోయిస్టు సంఘర్షణలో చెలరేగిన హింసాకాండకు వెఱచి అనేక కుటుంబములు గోదావరీ తీరపు తెలుగుసీమకు వలసపోగా, ఉసూర్ వైద్యవ్యవస్థ మరింత కృశించెను. ఆ ప్రాంతమున మలేరియా ప్రధానశత్రువు. వ్రేలికొన నుండి రక్తపుబొట్టు తీసి పరీక్షించుట, జ్వరము తగ్గినంతనే మందు మానివేయకుండ పూర్తిగా మ్రింగించుట, ప్రమాదము ముదిరినవారిని వైద్యుని యొద్దకు తరలింపజేయుట మితానిన్ పనులు. 2020 జనవరిలో బస్తరును మలేరియా నుండి విముక్తము చేయుటకై ఇంటింటి పరీక్షల మహోద్యమము సాగినపుడు, అడవిదారులెఱిగిన ఈ స్త్రీల సేవ అత్యంతావశ్యకమయ్యెను. అంతకుముందే 2019లో వారపుసంతలకు వైద్యులను పంపెడి పథకము వచ్చినది. సంతకు రాలేని రోగి యేయింట నున్నదియు ఎఱుగునది మాత్రము మితానినే.

అడవిలో పరీక్షకు నిలిచిన ఈ పద్ధతిని ఛత్తీస్‌గఢ్ 2012లో పట్టణవాడలకు విస్తరింపజేసెను. మరుసటియేడు జాతీయ పట్టణారోగ్య మిషన్, వాడవాడకు ఆశాను, మహిళా ఆరోగ్య సమితిని నిర్దేశించెను. తెలుగునాట హైదరాబాదు నగరపాలకసంస్థ 1967లోనే మురికివాడలలో సముదాయాభివృద్ధి కార్యమునకు పూనుకొనినది. 2018లో అచ్చట బస్తీ దవాఖానాలను పేటవైద్యశాలలు వెలసినవి. దవాఖానా గడపదాటిన రోగి మరునాడు మందు వేసికొనెనా యని చూచుటకు ఆ బస్తీకి చెందిన స్త్రీయే వెళ్ళవలెను.