అమ్మ కడుపు మీద రెండు మచ్చలు

ఈ వారం చరిత్ర మా ఇంట్లోంచే మొదలుపెడతాను.

అమ్మ కడుపు మీద రెండు మచ్చలున్నాయి. బొడ్డు దగ్గర గోరంతది ఒకటి. కుడివైపు పక్కటెముకల కింద జానెడంత పొడవుది ఇంకొకటి. చిన్నది 1990లో కు.ని. క్యాంపులో పడింది. పెద్దది 2004లో, పిత్తాశయంలో రాళ్లున్నాయని దాన్ని తీసేసినప్పుడు పడింది. నేను చదివింది తెలుగు సాహిత్యం, వైద్యం కాదు. అయినా ఈ రెండు మచ్చల వెనకున్న చరిత్ర చదవక తప్పలేదు.

పొట్టను పెద్దగా కోయకుండా, కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బించి, చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పనిముట్లు పంపి చేసేదే ల్యాపరోస్కోపీ. 1901లో జర్మనీలో కెల్లింగ్ ఒక కుక్క పొట్టలోకి గొట్టం పంపి చూశాడు. 1980లో కుర్ట్ జెమ్ అనే గైనకాలజిస్టు ఈ పద్ధతిలో అపెండిక్స్ తీస్తే సర్జన్లు మండిపడ్డారు. 1985లో ఎరిక్ మ్యూహె పిత్తాశయం తీశాడు. మరుసటి ఏడాది జర్మన్ సర్జన్ల సంఘం దాన్ని కొట్టిపారేసింది. 1992లో అదే సంఘం ఆయన్ని సత్కరించింది. పెద్ద కోత కోసేవాడే పెద్ద సర్జన్ అనుకున్న కాలమది.

మన దేశంలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా 1990లో ముంబై జె.జె. ఆసుపత్రిలో ఇలా పిత్తాశయం తీశారు. తొందరగా పనిలోకి పోవాల్సిన పేదలకే ఇది ఎక్కువ అవసరమని ఆయన వాదించారు. ఆ మాట విలువ మాకు తెలుసు. 2004లో మేం వెళ్లిన ప్రభుత్వాసుపత్రిలో ఆ మిషన్ లేదు. ప్రైవేటులో ఉంది, మా దగ్గర డబ్బు లేదు. పెద్ద కోతే కోశారు. ఆరు వారాలు బరువులు ఎత్తొద్దన్నారు. ఆ ఏడు అమ్మ నాట్లకు పోలేదు. నా ఇంటర్ ఫీజు అప్పు తెచ్చి కట్టాం.

కానీ అదే గొట్టం 14 ఏళ్ల ముందే అమ్మ కడుపులోకి వెళ్లింది! మా వాడ ఆడోళ్లను జీపులో ఎక్కించుకుపోయి, వరసగా పడుకోబెట్టి, సాయంత్రానికి దించేశారు. పుట్టుక ఆపడానికి అంత తొందరగా అందిన గొట్టం, నొప్పి తీయడానికి ఎందుకు అందలేదు?

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మందికి ఈ గొట్టంతోనే కు.ని. ఆపరేషన్లు చేశాడు. 13 మంది చనిపోయారు. మూడేళ్లలో ఈ క్యాంపులు ఆపాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టులో మన ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు.

నేను గొట్టాన్ని తప్పుపట్టడం లేదు. అది ఎవరి కడుపులోకి, దేనికోసం, ఎవరిని అడిగి వెళ్లిందన్నదే నా ప్రశ్న.

మొన్న అమ్మను అడిగాను, ఏది ఎక్కువ బాధపెట్టిందని.

"పెద్దది నొప్పికి ఓర్వలేక నేనే చేయించుకున్న బిడ్డా. చిన్నదానికి నన్ను అడిగినోళ్లెవలు?"

జై భీమ్.