రైతు కొలిచిన కొండలు

ఆదివారం వచ్చిందంటే పీటర్ ఆనిఖ్ ఇన్స్‌బ్రూక్ దారి పట్టేవాడు. ఆస్ట్రియాలో టిరోల్ కొండల మధ్య ఓబర్‌పెర్ఫుస్ అతని ఊరు. పొలం పని, తరిమెన మీద కొయ్య పని తండ్రి నేర్పినవి. చుక్కల మీద మక్కువ మాత్రం సొంతం. 1751లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, ఇన్స్‌బ్రూక్ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే జెసూట్ పాదరీ ఇగ్నాట్స్ వైన్‌హార్ట్ దగ్గరికి వెళ్లి చదువు చెప్పమన్నాడు. ఆ గురువు కాదనలేదు. పంచాంగం చూసి దుక్కికి దిగే వయసులో గణితం మొదలుపెట్టిన ఆ శిష్యుడు 1756కల్లా ఆ విశ్వవిద్యాలయానికే పెద్ద ఖగోళ గోళం చేసి ఇచ్చాడు.

మహారాణి మరియా థెరీసా ఏలుబడిలో టిరోల్‌ను కొలిచే పని అతని మీద పడింది. కోణాలు చూసే పరికరాలు చాలావరకు తానే తయారు చేసుకున్నాడు. ఎండాకాలమంతా కొండలెక్కడం, చలికాలమంతా ఇంట్లో కూర్చుని గీయడం. దక్షిణాన ఆడిజె నది బురద నేలల్లో పట్టుకున్న జ్వరం వదల్లేదు. మహారాణి ఇచ్చిన బంగారు పతకం, ఏడాదికి 200 గుల్డెన్ల పింఛను చేతికందిన 1766లోనే, సెప్టెంబర్ 1న కన్నుమూశాడు. అప్పటికి నలభై మూడేళ్లు. మిగిలిన కొలతలు అదే ఊరి రైతు, అతని దగ్గరే పని నేర్చిన బ్లాజియస్ హ్యూబర్ పూర్తిచేశాడు.

1774లో వియన్నాలో అచ్చయిన ఆ పటమే ‘అట్లాస్ టిరోలెన్సిస్’. ఇరవై పలకలు. నేల మీద కిలోమీటరు దూరం కాగితం మీద ఇంచుమించు సెంటీమీటరు. చెక్కినవాడు యోహాన్ ఎర్న్‌స్ట్ మాన్స్‌ఫెల్డ్. రాగి రేకు మీద ప్రతి ఊరి పేరునూ అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలి. గాట్లలో సిరా నింపి, పైన అంటినదంతా తుడిచేసి, తడి కాగితం పరిచి గట్టిగా ఒత్తితే గాట్లలోని సిరా కాగితానికి ఎక్కుతుంది. కొండకు ఒక పక్క సన్నగీతలు దట్టంగా పడితే అది నీడ. రెండో పక్క తెల్లగా వదిలేస్తే అది వెలుగు. వేళ్ల వాటం ఒక్కసారి తప్పితే కొండ వాలే మారిపోతుంది. మంచునదులూ గనులూ పల్లెలూ అన్నీ ఆ గీతల్లోనే ఒదిగాయి. టిరోల్‌ను అంత నిశితంగా చూపిన పటం అంతకుముందు లేదు. 1808లో ఫ్రెంచి సైన్యం తన అవసరానికి దీన్నే కుదించి వేసుకుంది.

తన పటాన్ని అచ్చులో చూసుకునే భాగ్యం మాత్రం ఆనిఖ్‌కు దక్కలేదు. శీర్షిక లాటిన్‌లో ఉంది. అందులో మహారాణి పేరుంది, గురువు పేరుంది, ఆనిఖ్, హ్యూబర్‌ల పేర్ల పక్కన ‘కోలోనిస్’ అన్న మాట ఉంది. రైతులు అని దాని అర్థం. ఈ పటం ఎప్పుడైనా, ఎక్కడైనా మీ కంటపడితే కొండల కన్నా ముందు ఆ ఒక్క మాట వెతికి చదవండి.